ఇంటికి తగిన చిన్న చిలుక

చిలుకను పెంచవలెనను కోరిక తెలుగువారికి క్రొత్త కాదు. వసారాలో వ్రేలాడు పంజరము, అందులో పచ్చని రామచిలుక, దాని నోటికి జామపండు ముక్క నందించుచు మాటలు నేర్పు పిల్లలు: అనేక తరములపాటు మన పల్లెలలోను, పట్టణములలోను కనబడిన దృశ్యమిది. మన్మథునకు చిలుక వాహనము. మధుర మీనాక్షి చేతిలోనిది చిలుక. పాలవేకరి కదిరీపతి తెలుగున రచించిన శుకసప్తతిలో రాత్రికొక కథ చెప్పి ఇంటి పరువు నిలిపినది కూడ చిలుకయే. ముద్దు మాటలాడు బిడ్డను చిలుకయందుము; అర్థము తెలియక వల్లించువానివి చిలుకపలుకు లందుము. ఇంతగా మన మాటలలో గూడు కట్టుకొన్న పక్షి వేఱొకటి లేదనిన అతిశయోక్తి కాదు.

అయినను నేడు చిలుకను పెంచదలచిన గృహస్థు మొట్టమొదట తెలిసికొనవలసిన సంగతి యొకటి కలదు. మన రామచిలుకను పంజరములో పెట్టుట చట్టవిరుద్ధము. 1972లో పార్లమెంటు చేసిన వన్యప్రాణి సంరక్షణ చట్టము, దానికి తరువాత జరిగిన సవరణలు, మన దేశపు అడవిచిలుకల నన్నిటిని కాపాడుచున్నవి. 1990-91 నుండి దేశీయ పక్షుల వ్యాపారము పూర్తిగా నిషిద్ధమైనది. మెడలో గులాబిరంగు పట్టెగల రామచిలుకయేగాక, రెక్కల మొదట ఎఱ్ఱని మచ్చగల పెద్దజాతి చిలుకయు, ఊదా కలిసిన ఎఱ్ఱని తలగల చిన్నజాతి చిలుకయు ఈ రక్షణలోనివే. వీనిని పట్టరాదు, అమ్మరాదు, కొనరాదు, ఇంట నుంచుకొనరాదు. చిలుక జోస్యము చెప్పువాని పంజరమునకు గూడ ఈ నిబంధన వర్తించును.

"అంగడిలో అమ్ముచుండగా మేము కొన్న తప్పేమి?" యని కొందఱందురు. తప్పు చట్టపు పుస్తకములో మాత్రమే లేదు. రామచిలుక చెట్టు తొఱ్ఱలో గ్రుడ్లు పెట్టును. అంగడికి వచ్చు పిల్లలు ఆ తొఱ్ఱలనుండి తీయబడినవే. ఈకలు రాని పిల్లలను గంపలలో కుక్కి దూరప్రయాణము చేయించునపుడు వానిలో ఎన్నియో దారిలోనే చచ్చును. చేయి పట్టుటకై తొఱ్ఱను నఱికిన, మఱుసటి యేడు ఆ చెట్టున గూడుండదు. కొనువాడు లేనిచో పట్టువాడుండడు. దెబ్బతగిలిన రామచిలుక యేదైన మీ పెరటిలో పడినచో దానిని నీడలో గాలియాడు పెట్టెలోనుంచి అటవీశాఖవారికి తెలుపుట ఉచితము. పెంచుకొనుటకు అది అవకాశము కాదు.

అట్లయిన చిలుకపై ముచ్చటగల ఇంటికి మార్గమే లేదా? కలదు. అనేక తరములుగా మనుష్యుల చేతులలోనే గ్రుడ్లు పెట్టి, పిల్లలను చేసి, పంజరపు జీవనమునకు అలవడిన విదేశీజాతుల చిన్నచిలుకలు కొన్ని యున్నవి. ప్రపంచమునందలి చిలుకజాతులు సుమారు 400 కాగా, సామాన్య గృహమునకు తగినవిగా వానిలో మూడింటిని చెప్పవచ్చును: బడ్జెరిగర్, కాకటీల్, లవ్‌బర్డ్.

ఇక్కడ పేర్ల చిక్కొకటి కలదు. మన అంగళ్లలో "లవ్‌బర్డ్స్" అని అమ్మునవి సాధారణముగా లవ్‌బర్డ్‌లు కావు, అవి బడ్జెరిగర్‌లు. జంటలుగా ముక్కులు కలుపుకొని కూర్చుండుటచే వానికా పేరు వచ్చినది. నిజమైన లవ్‌బర్డ్ ఆఫ్రికా ఖండపు పక్షి. రెంటి స్వభావము వేఱు, ఆయుర్దాయము వేఱు, కాటు కూడ వేఱు. కావున పేరు విని కాక పక్షిని చూచి కొనవలెను.

బడ్జెరిగర్ ఆస్ట్రేలియా నడిభాగపు మెట్టభూములలో పుట్టినది. అచ్చట వేలకొలదిగా గుంపులు కట్టి, వాన పడినచోటును, గడ్డిగింజలు పండినచోటును వెదకికొనుచు దేశము తిరుగును. 1840లో జాన్ గూల్డ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు దీనిని సజీవముగా ఇంగ్లండునకు కొనిపోయెను. అడవిలో దీని రంగు పచ్చ, పసుపు. నీలము, తెలుపు, బూడిదవన్నెలు మనుష్యుల పెంపకములో వచ్చినవి. తోకతో కలిపి జానెడు పొడవు కూడ నుండదు. బరువు 30 నుండి 40 గ్రాములు. చక్కగా పెంచిన 5 నుండి 10 సంవత్సరములు బ్రతుకును. చిన్న ఇంటికి, మొదటిసారి పక్షిని పెంచువారికి, దీనిని మించినది లేదు.

కాకటీల్ కూడ ఆస్ట్రేలియాదే. తలపై కుచ్చు, బుగ్గలపై నారింజరంగు బొట్లు దీని గుర్తులు. తోకతో సహా అడుగు పొడవుండును. బరువు 80 నుండి 100 గ్రాములు. మాటలకంటె ఈలపాటలయందు దీనికి నేర్పెక్కువ. సాధుస్వభావము గలది, భుజముమీద కూర్చుండి తల గోకించుకొనును. కాని 15, 20 సంవత్సరములు బ్రతుకును. అనగా, పదియేండ్ల పిల్లవాని కోరికపై కొన్న కాకటీల్, వాడు చదువు ముగించి ఉద్యోగమునకై ఊరు విడిచిన పిమ్మట తల్లిదండ్రుల పాలిటిదగును. మఱియు దీని ఈకలనుండి సన్నని తెల్లని పొడి రాలుచుండును. ఇంటిలో ఉబ్బసవ్యాధిగలవారున్నచో కాకటీల్ జోలికి పోకుండుటయే మేలు.

లవ్‌బర్డ్‌లలో తొమ్మిది జాతులున్నవి. ఎక్కువగా పెంచబడునది నైరృతి ఆఫ్రికాకు చెందిన గులాబిముఖపు జాతి. పొట్టి తోక, బలమైన ముక్కు, బడ్జెరిగర్‌కంటె బరువు. 10, 15 సంవత్సరములు బ్రతుకును. చూచుటకు సొగసైనదే కాని కోపిష్ఠి. మాటలు అరుదుగా నేర్చును. కాటు మాత్రము గట్టిగా వేయును. బడ్జెరిగర్‌లతో ఒకే పంజరములో వేసిన వాని కాళ్లను కొఱికి గాయపఱచును. పిల్లలున్న ఇంట మొదటి పక్షిగా దీనిని నేను సూచింపను.

చట్టపు సంగతి ఇంకొకటి చెప్పవలసియున్నది. విదేశీపక్షు లన్నియు ఒకే తీరుగా చూడబడవు. అంతర్జాతీయ ఒప్పందపు పట్టికలలో నున్న జాతులను ఉంచుకొనువారు ప్రభుత్వమువద్ద నమోదు చేయించుకొనవలెనని 2022లో చట్టసవరణ జరిగినది. దాని నియమములు 2024లో వెలువడినవి. బడ్జెరిగర్, కాకటీల్, గులాబిముఖపు లవ్‌బర్డ్ ఆ పట్టికలలో లేవు. తక్కిన లవ్‌బర్డ్ జాతులు, ఇటీవల వేడుకగా కొనుచున్న కాన్యూర్లు మున్నగునవి పట్టికలలో నున్నవి. "మా పక్షి వన్నె ఎవరియింటను లేదు" అని గొప్ప చెప్పుకొనుటకు అపురూపజాతిని కొనువారు కాగితములను గూర్చి కూడ తెలిసికొనియుండవలెను. పచ్చరంగు పూసిన మునియపిట్టలను అపూర్వమైన చిలుకలని అమ్ము మోసగాండ్రును ఉన్నారు. మునియ గింజలు తిను చిన్న పిచ్చుకజాతి పక్షి. దాని ముక్కు తిన్ననిది. చిలుక ముక్కు కొంకివలె వంగియుండును. కాలివ్రేళ్లు రెండు ముందునకు, రెండు వెనుకకు నుండును. ఈ రెండు గుర్తులు చూచిన మోసపోనక్కఱలేదు.

ఇక మాటల విషయము. చిలుకను కొను పదిమందిలో తొమ్మిదిమంది అది మాటలాడవలెననియే కొందురు. పక్షులకు మనవలె కంఠనాళపు తంత్రులు లేవు. ఊపిరిగొట్టము క్రింది కొసన, అది రెండుగా చీలుచోట, పక్షుల స్వరపేటిక యుండును. చిలుకలు దానితోను నాలుకతోను ధ్వనులను మలచును. అడవిలో గుంపుగా బ్రతుకు ఈ పక్షులకు తోడివారి కూతను నేర్చుకొనుట స్నేహధర్మము. జత కుదిరిన మగ బడ్జెరిగర్ తన ఆడుపక్షి పిలుపును అనుకరించి నేర్చునని శాస్త్రజ్ఞులు గమనించిరి. మన యింట ఒంటరిగా నున్న పక్షికి మనమే గుంపు. మన మాటయే తోడివారి కూత. కావున మాటలు నేర్చుట దాని తెలివికే కాదు, తోడుకొఱకైన దాని ఆర్తికి కూడ గుర్తు.

బడ్జెరిగర్‌ల జ్ఞాపకశక్తి ఆశ్చర్యకరమైనది. 1958లో బి.బి.సి. వారు మాటలాడు పంజరపు పక్షులకు పోటీ పెట్టగా స్పార్కీ విలియమ్స్ అను బడ్జెరిగర్ గెలిచినది. దానికి ఐదువందలకు పైగా మాటలు, కొన్ని పిల్లల గేయములు వచ్చెడివట. అమెరికాలో పక్ అను బడ్జెరిగర్ 1,728 మాటలతో గిన్నెస్ గ్రంథమున కెక్కి 1994లో మరణించినది. ఈ కథలు విని ప్రతి బడ్జెరిగర్ అట్లే పలుకునని ఆశింపరాదు. మగపక్షి, చిన్నవయసు, ఒంటరితనము, రోజూ ఓపికతో ఒకే మాటను స్పష్టముగా చెప్పు మనిషి: ఇన్నియు కూడినను కొన్ని పక్షులు పలుకవు. పంజరముప్రక్క రేడియో పెట్టిన పక్షి ఉత్సాహముగా కిలకిలలాడునేగాని మాటలు నేర్చుకొనునది తన్ను పలుకరించు మనిషి నుండియే. మాటలాడకున్న మీకు పక్షి అక్కఱలేనిచో అసలు కొనకుండుట మంచిది.

ఒక పక్షియా, రెండా? దినములో అధికభాగము ఇంట మనుష్యులుండి, పక్షితో కొన్ని గంటలైన గడుపగలిగిన ఒకటి చాలును. అది చేతికి మాలిమి యగును. ఉదయమున తాళము వేసి సాయంకాలమున తలుపు తీయు ఇంటిలో ఒంటరి పక్షి దిగులుపడి తన ఈకలను తానే పెఱుకుకొనును. అట్టివారు రెండు పక్షులను తెచ్చుట న్యాయము. రెండున్నచో అవి ఒకదానితో ఒకటి మాటలాడుకొనును. మనతో తక్కువ మాటలాడును. అది మన నష్టమేగాని వాని నష్టము కాదు.

అంగడికి పోయినపుడు వెంటనే పంజరము దగ్గఱకు పోరాదు. పక్షులు జబ్బును దాచుకొనును; జబ్బుపక్షిని శత్రువు ముందుగా పట్టుకొనునను అడవి భయము వాని రక్తములో నున్నది. మనిషిని చూడగానే రోగపుపక్షి సయితము ఈకలు సవరించుకొని నిటారుగా కూర్చుండును. దూరమునుండి కొన్ని నిమిషములు చూచిన అసలు సంగతి తెలియును. ఈకలు ఉబ్బించుకొని మూల నణగియున్నది, పంజరపు నేలపై కూర్చున్నది, ఊపిరి తీసినపుడెల్ల తోక పైకి క్రిందికి ఊగుచున్నది, రెట్టతో తడిసిన వెనుకభాగము గలది: వీనిని విడువవలెను. కండ్లు నిగనిగలాడుచు, ముక్కు రంధ్రములు పొడిగానుండి, రెండు కాళ్లతో సమముగా కొమ్మను పట్టుకొన్న పక్షిని ఎన్నుకొనవలెను. ముక్కు చుట్టు, కాళ్లపైన గుల్లగుల్లగా పొక్కియుండిన అది గజ్జిపురుగు లక్షణము.

బడ్జెరిగర్ వయసు తెలిసికొనుట తేలిక. పిల్లపక్షికి నుదుటిమీద నల్లని అడ్డగీతలు ముక్కువఱకు దిగియుండును. మూడు నాలుగు మాసములకు మొదటి ఈకలు రాల్చి, నుదురు నున్నగా మారును. పెద్దదైన పిదప ముక్కుపై నున్న మెత్తని తొడుగు మగదానికి సాధారణముగా నీలముగాను, ఆడుదానికి గోధుమవన్నెగాను ఉండును. తమంతట తాము గింజ ఒలిచి తినగల పిల్లలనే కొనవలెను. ఈకలు పూర్తిగా రాని పిల్లకు చేతితో ముద్ద తినిపించిన మాలిమి యగునని అంగడివారు చెప్పుదురు. అనుభవము లేనివారి చేతిలో అట్టి పిల్లలు తఱచుగా చచ్చును.

పంజరమును ముందు కొని, పక్షిని తరువాత కొనవలెను. గోపురమువలె ఎత్తైన గుండ్రని పంజరము అలంకారమునకే గాని పక్షికి పనికిరాదు. పక్షి అడ్డముగా ఎగురును. కావున పంజరము వెడల్పు ఎత్తుకంటె ఎక్కువగా నుండవలెను. ఒక జంటకు రెండున్నర అడుగుల పొడవైన నుండుట మంచిది. ఊచల మధ్య సందు అరయంగుళమునకు మించరాదు. మించిన తల ఇఱుకుకొనును. కొట్లలో ఇచ్చు నున్నని కడ్డీలకు బదులు మందు చల్లని వేప, జామ కొమ్మలను వేఱువేఱు లావులవి కడిగి పెట్టినచో కాళ్లకు వ్యాయామము, ముక్కునకు పని దొరకును. పంజరము గాలియాడుచోట, ఒక ప్రక్క గోడ ఆనియుండునట్లు, మన కంటియెత్తున ఉండవలెను. వంటయింట ఉండరాదు. రాత్రి పది, పండ్రెండు గంటల నిద్ర కావలెను.

వంటయింటిని గూర్చి ప్రత్యేకముగా చెప్పుటకు కారణము కలదు. పక్షి శరీరములో ఊపిరితిత్తులతోపాటు గాలితిత్తు లుండి, గాలి ఒకే దిక్కుగా నిరంతరము ప్రసరించుచుండును. ఎగురుటకు వలయు ప్రాణవాయువు నిట్లు సంపాదించును. కాని మేలైన గాలితోపాటు విషపుగాలి కూడ అంతే వేగముగా లోనికి పోవును. బ్రిటనులో 1986వఱకు బొగ్గుగనులలో విషవాయువులను కనిపెట్టుటకు కెనరీ పక్షులను వాడుట ఇందుచేతనే. అడుగంటని పూతగల పెనములు మితిమీఱి కాగినపుడు వెలువడు ఆవిరి మనకు తెలియకయే చిలుకను నిమిషములలో చంపగలదు. దోమలచక్రముల పొగ, సాంబ్రాణి, క్రిమినాశినుల తుంపర కూడ దానికి శత్రువులే.

ఆహారమునకు మనవారు కష్టపడనక్కఱలేదు. కొఱ్ఱలు బడ్జెరిగర్‌కు పరమప్రీతి. కంకితో సహా వ్రేలాడదీసిన ఆటయు, భోజనమును రెండును అగును. సామలు, సజ్జలు కూడ పెట్టవచ్చును. కాని గింజలు మాత్రమే తిను పక్షికి ఎ విటమిను, సున్నము చాలక జబ్బుచేయును. తోటకూర, కొత్తిమీర, ములగాకు, కారట్టు తురుము బాగుగా కడిగి దినమును కొంత పెట్టవలెను. సున్నమునకై మన ఆయుర్వేదపు కొట్లలో సముద్రఫేనమని అమ్ము తెల్లని పెంకును ఊచలకు కట్టినచో పక్షి కొఱుకుకొనును. ఉప్పు, ఊరగాయ, కాఫీ, టీ, చాక్లెట్టు, అవకాడో పనికిరావు. చివరి రెండును విషతుల్యములు.

ఒక చిన్న హెచ్చరిక. చిలుక గింజను ఒలిచి పప్పు తిని పొట్టును గిన్నెలోనే విడుచును. పైకి గిన్నె నిండుగానే కనబడును. "నిన్న పోసిన గింజలింకను ఉన్నవి" అనుకొని ఇంటివారు ఊరకుండగా పక్షి ఆకలితో నశించిన సందర్భములు కలవు. ప్రతిదినము పొట్టును ఊది చూడవలెను; నీరు రెండుపూటల మార్చవలెను. కోస్తా ఉక్కపోతలోను, తెలంగాణ, రాయలసీమల వడగాడ్పులలోను పక్షి నోరు తెఱచి రెక్కలు దూరముగా పెట్టినచో అది వేడికి తాళలేకున్నదని గ్రహించి నీడకు మార్చవలెను. పంజరము తలుపు తీయుటకు ముందు సీలింగు ఫాను ఆపవలెను, కిటికీలు మూయవలెను. మన ఇండ్లలో పెంపుడుచిలుకలకు ఫాను రెక్క గొప్ప గండము. దీపావళి రాత్రి పంజరమును లోపలి గదికి చేర్చి, గుడ్డ కప్పి, ప్రక్కన ఒకరుండుట మంచిది. కాకటీల్ బెదరిన చీకటిలో ఊచలకు కొట్టుకొని రెక్కలు విఱుచుకొనును.

మనుష్యుల ఆరోగ్యము మాటయు మఱువరాదు. చిలుకజ్వరమను వ్యాధి యొకటి కలదు. 1929-30లో అనేక దేశములలో అది వ్యాపించి ఎందఱనో బలిగొన్నది. అంగళ్లలో కొన్న చిలుకలనుండి వచ్చినదని తేలెను. ఎండిన రెట్టధూళిని పీల్చుటవలన ఆ సూక్ష్మజీవి మనకు సోకును. జ్వరము, తీవ్రమైన తలనొప్పి, పొడిదగ్గు దాని లక్షణములు. నేడు దానికి మంచి మందులున్నవి, కాని ఇంట పక్షి యున్నదని వైద్యునితో మనమే చెప్పవలెను. పంజరపు పళ్లెమును తడిపి తుడుచుట, చేతులు కడుగుకొనుట, నోటితో ముద్ద పెట్టకుండుట చాలును.

ఇన్ని చెప్పినది భయపెట్టుటకు కాదు. ముప్పదియైదు గ్రాముల ప్రాణి మనపై పెట్టు భారము దాని బరువును బట్టి యుండదని తెలుపుటకే. కొనుటకు ముందు ఒక వారముదినములు పరీక్ష చేసికొనుడు. ఉదయము పావుగంట, సాయంకాలము అరగంట, పక్షికై కేటాయింపదలచిన కాలమును ఖాళీపంజరము ముందు గడుపుడు. పళ్లెము తుడుచువారెవరు, నీరు మార్చువారెవరు, సంక్రాంతికి ఊరికి పోయినపుడు చూచువారెవరు, పక్షివైద్యము తెలిసిన పశువైద్యుడు ఎంతదూరములో నున్నాడు: వీనికి సమాధానములు దొరకినపుడు పిల్లవానిని వెంటబెట్టుకొని అంగడికి పొండు. దొరకకున్నచో విచారింప బనిలేదు. పెరటిలో ఒక జామచెట్టు నాటుడు. దాబాపై మట్టిమూకుడుతో నీరు పెట్టుడు. పండ్లకాలములో రామచిలుకలు తామే వచ్చును. సగము పండు తిని సగము పాఱవేయునని ఇల్లాలు విసుగుకొన్నను, వానికి తాళము వేయనక్కఱలేదు, పొట్టు ఊదనక్కఱలేదు, ఎగిరిపోవునను దిగులును లేదు.